మూటల అవతలి గొంతు

ఇంట్లో అద్దముంది, సబ్బుంది, కొత్త బ్లేడ్ల పెట్టె విప్పకుండా ఉంది. ఇన్ని పెట్టుకుని రోజూ గడ్డం గీయించుకోవడానికి వీధి చివర మంగలి అంగడికి పోయే మనిషిని ఏమనాలని హేమలత అడగడం మొదలుపెట్టి పావుగంటయింది. రాజగోపాల్ ముందు వినపడనట్టు చెప్పులు వెతుక్కున్నాడు. తరువాత ఈ బ్లేడ్లు చర్మం కోస్తున్నాయన్నాడు. అదీ చెల్లకపోయేసరికి, అంగడి మహదేవ తనకు బడి స్నేహితుడనీ, కొడుకు వేరుపడ్డాక దిగులుపడి ఉన్నాడనీ, రోజూ ఒకసారి పలకరిస్తే వాడికి ధైర్యమనీ చెప్పాడు.

"ముప్పై ఏండ్లు గుర్తుకురాని స్నేహితుడు ఈ నాలుగు నెల్లలోనే గుర్తుకొచ్చినాడంట. పెండ్లినాడు పొద్దున కూడా మంగలాయన్ని ముట్టుకోనియ్యని మనిషి. చూడత్తా" అంది హేమలత.

అత్తగారు గంగమ్మ అనపకాయలు వలుస్తూ కొడుకు వైపే మాట్లాడింది. మగవాడన్నాక పొద్దున్నే నలుగురి ముఖం చూసి వస్తే తప్పేముందని ఆమె వాదన. రాజగోపాల్ తమ్ముడు అమరనాథ్ ఇడ్లీ నములుతూ, "అన్నకు ఈ వయసులో సోకు జాస్తి అయిండాది వదినా. ఊరికే వదిలెయ్" అన్నాడు.

కూతురు శ్రీజ ఈ గొడవ వినడం లేదు. ఆమె చెవులు కింద ఉన్నాయి.

కాటన్‌పేటలో వాళ్ళది తాత కట్టిన ఇల్లు. కింద ముందువైపు బట్టల అంగడి, వెనక గోడౌను, మెట్లెక్కితే ఇల్లు. దర్జీలకు, బొమ్మనహళ్ళి గార్మెంట్స్ వాళ్ళకు లైనింగు గుడ్డ, పాప్లిన్ తానులు టోకుగా ఇస్తారు. ఆ వేళప్పుడు హమాలీ మస్తాన్ ఆటో ట్రక్కులోంచి మూటలు దించుతుంటాడు. చొక్కా జేబులో అతని ఫోను పాడుతూనే ఉంటుంది. ఇప్పుడు అందులోంచి గిటారు మొదలైంది. ఆ గిటారు వాయించింది శ్రీజే. ఆమె చేతిలో కాఫీ గ్లాసు అట్లాగే ఆగిపోయింది.

*తడి గోడకు చెవి పెడితే
ఊరంతా ఊపిరి తీస్తాది...*

మొదటి చరణం అయ్యేసరికి రాజగోపాల్ చెప్పులు దొరికాయి. రెండో చరణానికి ఆయన మెట్ల దగ్గర ఉన్నాడు. రెండో చరణం ముగిశాక పాట ఒక్క క్షణం ఆగుతుంది. ఆగినచోట ఒక మగ గొంతు వస్తుంది. శ్రీజ గ్లాసు అక్కడే పెట్టేసి, తండ్రిని దాటుకుని గబగబా మెట్లు దిగింది. అవ్వకు తలనొప్పిగా ఉందని, పాట ఆపమని మస్తాన్‌కు చెప్పింది. అతను నొచ్చుకున్నాడు. "నీ పాటే కదమ్మా, ఊరంతా వింటాండారు" అంటూ ఆపాడు. శ్రీజ వెనక్కి తిరిగేసరికి తండ్రి చివరి మెట్టు మీద నిలబడి ఉన్నాడు. కుడిచెయ్యి ప్యాంటు జేబులో ఉంది. మంగలి అంగడి వైపు నడిచాడు.

రెండు నెలలుగా ఆమె బతుకు ఇట్లాగే ఉంది. ఇరవై రెండేళ్ళకు మొదటి పాట లక్షలమంది విన్నారంటే ఎవరైనా సంతోషంతో గంతులేస్తారు. శ్రీజ మాత్రం తన పాట ఎక్కడ వినిపించినా ఆపడానికి పరుగెత్తుతోంది.

పాటలన్నీ ఆమె గోడౌనులోనే రికార్డు చేసుకుంది. నాలుగువైపులా గుడ్డల మూటలుంటే బయటి రొద లోపలికి రాదు, లోపలి గొంతు గోడలకు తగిలి చెడిపోదు. స్టూడియోల వాళ్ళు గోడలకు ఏవేవో అతికించి తెచ్చుకునే నిశ్శబ్దం ఆమెకు ఇంట్లోనే దొరికింది. ఆదివారం అంగడి మూసి ఉన్నప్పుడు తాళంచెవి ఇచ్చింది తండ్రే. మూటల మధ్య మనిషి పట్టేంత సందు చేసుకుని, మైకు పెట్టుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, గోడవైపు తిరిగి పాడేది.

ఆ ఆదివారం రికార్డు చేసినదాన్ని తరువాత వింటుంటే రెండో చరణం చివర వేరే గొంతు వినిపించింది. తను పాడుతుండగా తండ్రి పక్క తలుపు గుండా గోడౌనులోకి వచ్చినట్టున్నాడు. మూటల అవతలి గోడకు తాత ఫోటో ఉంది. రోజూ అక్కడ ఊదుబత్తి వెలిగించడం ఆయన అలవాటు. అక్కడ నిలబడి, "నిలవలే... ఎంత పట్టుకున్నా నిలవలే" అన్నాడు. నాలుగు సెకన్లు. సరుకు గురించో, పనివాళ్ళ గురించో అయి ఉంటుందని శ్రీజ అనుకుంది. ఆ గొంతులో ఉన్న బరువు మాత్రం ఆమెను వదల్లేదు. ఎంత పాడినా తనకు రాని బరువది. దాన్ని కొంచెం నిదానం చేసి, కొంచెం మందం చేసి, పాటలో అక్కడే ఉంచేసింది. ఎవరూ గుర్తుపట్టరులే అనుకుంది. తండ్రిని అడగాలన్న ఆలోచనే రాలేదు.

ఎవరూ గుర్తుపట్టలేదు. కానీ అందరూ ఆ మాటనే పట్టుకున్నారు. ప్రేమ చెడినవాళ్ళు దాన్ని తమ వీడియోలకు పెట్టుకున్నారు. పొంగిపోతున్న పాలకూ, బస్సులో నిద్రపోయి పక్కవాళ్ళ మీద వాలే తలకాయలకూ అదే పెట్టారు. ఆ గొంతు ఎవరిదని రోజూ వందమంది అడుగుతున్నారు. ఇంట్లో అమ్మ ఆ పాటను సగం విని, ఫోను రావడంతో బాగుందని లేచిపోయింది. నాయన విన్నాడో లేదో తెలియదు. వింటే తన మాట తను గుర్తుపట్టడా? తండ్రి ఒంటరిగా అనుకున్న మాటను కూతురు ఊరికంతా వినిపించిందని తెలిస్తే ఆయన తలెత్తి తిరగగలడా?

ఆ రోజు పదకొండు గంటలకు ఇందిరానగర్‌లో మ్యూజిక్ కంపెనీకి పోవాల్సి ఉంది. కంపెనీ తరఫున ఆమె పాటలు చూసుకునే జెస్సీ మంగళూరు పిల్ల, శ్రీజకంటే నాలుగైదేళ్ళు పెద్దది. ఐదు పాటల ఆల్బమ్, డిసెంబరులో పెద్ద స్టేజీ మీద ఇరవై నిమిషాలు అని శుభవార్తలన్నీ వరసగా చెప్పి, చివర ఒక కాగితం బల్ల మీదికి జరిపింది. పాటలో వినిపించే ప్రతి గొంతుకూ ఆ మనిషి ఒప్పుకోలు ఉండాలట. లాయరు గట్టిగా చెప్పాడట. ఆ గొంతు ఎవరిది?

వీధిలో రికార్డయింది, ఎవరో తెలియదని ఇంతకుముందు చెప్పిన అబద్ధమే శ్రీజ మళ్ళీ చెప్పింది. అయితే శుక్రవారంలోగా ఆ మనిషిని వెతికి సంతకం తెమ్మంది జెస్సీ. తీసేస్తే కాదా అని శ్రీజ అడిగింది. జెస్సీ సౌండు చూసే ఓంకార్‌ను పిలిచి, ఆ నాలుగు సెకన్లు లేకుండా పాట వినిపించమంది. విన్నారు. ఉప్పు వేయడం మరిచిపోయిన చారులాగా ఉంది పాట. కంపెనీ పెద్దలకు నచ్చింది ఆ చోటే అని, అది లేకపోతే మిగతా నాలుగు పాటల సంగతి కూడా మళ్ళీ మొదటినించి మాట్లాడాల్సి వస్తుందని జెస్సీ మెత్తగానే చెప్పింది.

ఓంకార్ హుబ్బళ్ళివాడు. ఉపకారం చేద్దామనుకున్నాడు. శ్రీజ మొదట పంపిన అసలు రికార్డింగు అతని దగ్గర ఉంది. గిటారును ఒకవైపుకు, పాటను ఒకవైపుకు, మిగిలిన చప్పుళ్ళను ఒకవైపుకు విడదీసే సాఫ్ట్‌వేర్ ఉందని, ఆ మనిషి ఇంకేమైనా మాట్లాడి ఉంటే ఎవరో ఆనవాలు దొరకవచ్చని అన్నాడు. శ్రీజ వద్దనేలోగా మీట నొక్కేశాడు.

పెద్ద స్పీకర్లలోంచి నాయన గొంతు వచ్చింది. ఇన్నాళ్ళూ ఆమె గిటారు కింద, ఆమె పాట కింద అణిగిపోయి ఉన్న మాటలు ఒక్కొక్కటే తేటగా వచ్చాయి.

"నాయనా, డాక్టరు అదే రోగమన్నాడు. బతికినన్ని దినాలు మాత్రలంట. కత్తెర పట్టుకుంటే గీత పాము మాదిరి పోతాండాది. నిలవలే. ఎంత పట్టుకున్నా నిలవలే. హేమకు ఎట్ల చెప్పేది? వాళ్ళ నాయన్ని ఎనిమిదేండ్లు మంచంలో సాకింది, మళ్ళీ నన్ను సాకల్నా... నాకు భయమైతాండాది నాయనా."

తరువాత ముక్కు చీదిన చప్పుడు. తలుపు మూసిన చప్పుడు.

ఆ గదిలో తెలుగు తెలిసింది ఆమెకొక్కదానికే. ఏమంటున్నాడని జెస్సీ అడిగింది. ఎవరితోనో గొడవ పడుతున్నాడని శ్రీజ చెప్పింది. ఆనవాలు దొరికిందా అని ఓంకార్ అడిగితే తలూపింది. కాగితం సంచిలో పెట్టుకుని మెట్రో ఎక్కింది.

దారిపొడుగునా ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. మంగలి అంగడి. జేబులోంచి బయటికి రాని కుడిచెయ్యి. గ్లాసు నిండా కాఫీ పోయవద్దనడం. నెలరోజులుగా అంగడిలో తానులు చిన్నాయన చేత కోయించడం. కళ్ళ ముందే ఉన్నవన్నీ. కూడబలుక్కుని చదవాల్సిన అక్షరాలేమీ కావు. ఆమెకు మాత్రం గొంతులోని బరువు నచ్చింది, దాన్ని పాటలో పెట్టుకుంది. పాట వింటాడేమోనన్న భయం ఎటుపోయిందో తెలియదు. దాని స్థానంలో ఇంకో భయం వచ్చి కూర్చుంది.

ఇంటికొచ్చేసరికి నాలుగైంది. నాయన గోడౌనులో ఉన్నాడన్నారు. శ్రీజ తలుపు తోసింది. పై అరలోని తాను దించడానికి ఆయన చెక్క నిచ్చెన మీద, పన్నెండడుగుల ఎత్తున ఉన్నాడు. ఎడమచంకలో తాను. కుడిచెయ్యి నిచ్చెన మెట్టును పట్టుకుని ఉంది. పట్టుకుని ఉన్నా ఆడుతోంది, దానితోపాటు నిచ్చెన సన్నగా టకటకమంటోంది. కింద సిమెంటు నేల. పిలిస్తే ఉలిక్కిపడతాడేమోనని శ్రీజ పిలవలేదు. కదిలితే చూస్తాడేమోనని కదల్లేదు. ఆయన ఒక్కో మెట్టుకూ ఆగి, కాలితో తడుముకుంటూ దిగాడు. పదకొండు మెట్లు. ఆయన నేల మీద కాలు పెట్టాకగాని ఆమెకు ఊపిరి రాలేదు.

"ఎప్పుడొస్తివమ్మా" అన్నాడు, చెయ్యి జేబులో దోపుకుంటూ.

ఆమె కంపెనీ కాగితం బయటికి తీసింది. ఏం చెప్పాలో మెట్రోలో అనుకున్నదంతా మరిచిపోయింది. పాటలో ఉండే గొంతు నీదే నాయనా, అడక్కుండా పెట్టినా అని మాత్రం అంది.

రాజగోపాల్ మూట మీద కూర్చున్నాడు. తను ఆ పాటను మూడోరోజే మస్తాన్ ఫోనులో విన్నానని చెప్పాడు. తన మాట తనకు తెలియకపోతుందా? కోపం రాలేదట. కూతురు వచ్చి దాని అర్థం అడుగుతుందని రెండు నెలలుగా రోజూ భయపడుతూనే ఉన్నాడట. పాట మోగినప్పుడల్లా ఆమె పరుగెత్తుకొచ్చి ఆపుతుంటే, అంతా తెలిసే ఆపుతోందేమోనని ఇంకా భయపడ్డాడట.

"ఎంత మటుకు వింటివి?"

"ఈ పొద్దు అంతా వింటి."

ఆయన తల వంచుకున్నాడు. తరువాత లైనింగు గుడ్డల కట్ట మధ్యలోంచి మందుల చీటీ తీసి చూపించాడు. చీటీ మీద పార్కిన్సన్ అని రాసి ఉంది. మాత్రలు మొదటి వారం వేసుకుంటే కడుపులో తిప్పి కళ్ళు తిరిగాయట. మళ్ళీ డాక్టరు దగ్గరికి పోలేదు, మాత్రలూ ముట్టలేదు. నాలుగు నెలలు. మాత్రలు వేసుకుంటే చెయ్యి నిలబడొచ్చునేమో కదా నాయనా అని శ్రీజ అడిగింది. వేసుకుంటే మీ అమ్మ చూస్తుంది కదా అన్నాడు.

"ఆ కాగితం ఇట్లియ్యి, సంతకం చేస్తా. పాట నీది, పాడుకుని పైకి రా. మీ అమ్మకు మాత్రం చెప్పద్దు. అంతే నేనడిగేది."

ఎడమచేత్తో కుడి మణికట్టు నొక్కిపట్టుకుని సంతకం పెట్టాడు. కాటన్‌పేటలో చాలామంది గుర్తుపట్టే సంతకం అది, పెద్ద రా, దాని కింద వాలుగీత. ఇప్పుడు మొదటి అక్షరం కంటే రెండోది చిన్నది, మూడోది ఇంకా చిన్నది. చివరికి వచ్చేసరికి చీమలు పోయినట్టుంది. ఆమె కళ్ళెదుట అదంతా చాలాసేపు జరిగింది. వద్దనాలని ఉన్నా ఆమె చెయ్యి చాపింది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. పెట్టుకున్నాక తెలిసింది, తను ఆ మాటకు ఒప్పుకున్నట్టేనని.

మరునాడు గురువారం. సంతకం చేతికొచ్చిందని జెస్సీకి చెప్పడానికి శ్రీజ రెండుసార్లు ఫోను తీసి పక్కన పెట్టింది. కింద నిచ్చెన జరిపిన చప్పుడైనప్పుడల్లా లేచి వెళ్ళి మెట్ల మీదనుంచి తొంగిచూసింది. ఎన్నిసార్లని చూడగలదు? స్టేజీ మీద తను ఇరవై నిమిషాలు పాడుతున్నప్పుడు ఎవరు చూస్తారు?

పదకొండు గంటలప్పుడు హేమలత ఆమెను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. కొబ్బరి తురుముతూ, కూతురి ముఖం చూడకుండా మాట్లాడింది. నాయన దగ్గర ఏమైనా వాసన వస్తోందా అని అడిగింది. ఏం వాసన అంటే తురుమును గిన్నెలోకి తోసింది.

"తాగుతాండాడేమోనని నా అనుమానం. చేతులు ఒణుకుతాండాయి, చూసినా. నేను చూస్తాండానని తెలిస్తే జేబులో పెట్టుకుంటాడు. పొద్దున్నే మంగలోళ్ళ అంగడి అంటాడు, యాడికి పోతాడో ఏమో. మా నాయన్ని ఎనిమిదేండ్లు చూసినా, రోగమైతే నాకు భయం లేదు. రోగమైతే కూర్చోబెట్టి అన్నం పెడతా. ఇది ఏమని ఎవరితో చెప్పుకునేది?"

శ్రీజ తురుము పీట మీద అమ్మ చేతుల్నే చూసింది. ఎనిమిదేళ్ళు ఒక మనిషిని అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టిన చేతులవి. నాయన దాస్తున్నది ఎవరి దగ్గరో, అమ్మ భయపడుతున్నది దేనికో తలచుకుంటే ఆమెకు ఏడుపూ వచ్చింది, భయమూ వేసింది. అప్పటికప్పుడు చెప్పేస్తే? కానీ కాగితం సంచిలో ఉంది. సంతకం తీసుకుని మాట తప్పడం ఆమెకు చేతకాలేదు. అమ్మకు నాయన అట్లాంటివాడు కాడని మాత్రం చెప్పి, సంచి తీసుకుని మేడ మీదికి వెళ్ళింది.

అక్కడినుంచి రెండు ఫోన్లు చేసింది. మొదటిది జెస్సీకి. ఆ పాట ఇవ్వడం లేదని చెప్పింది. అట్లయితే మిగతా నాలుగు పాటల గురించి పెద్దవాళ్ళ తరఫున తను మాట ఇవ్వలేనని, డిసెంబరు స్టేజీ గురించి అసలే ఇవ్వలేనని జెస్సీ చెప్పింది. శ్రీజ సరేనంది. సరే అన్న తరువాత నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుంది. ఇంత దూరం రావడానికి ఆమెకు ఐదేళ్ళు పట్టింది. మళ్ళీ ఎవరైనా పిలుస్తారో లేదో తెలియదు. రెండో ఫోను, నిన్న నాయన చూపించిన మందుల చీటీ మీద ఉన్న డాక్టరు నంబరుకు.

రెండు గంటలకు అంగడి తలుపు సగం దించి అన్నదమ్ములిద్దరూ పైకొచ్చారు. అవ్వతో, శ్రీజతో కలిపి నలుగురూ నేల మీద కూర్చున్నారు. అనపగింజల పులుసు, రాగిముద్ద. హేమలత వడ్డిస్తోంది. రాజగోపాల్ ఎడమచేత్తో గ్లాసు జరుపుకున్నాడు. కూతురి వైపు ఒకసారి చూసి, కాగితం ఇచ్చేశావా అని కళ్ళతోనే అడిగాడు. శ్రీజ మడిచిన కాగితాన్ని తీసి ఆయన కంచం పక్కన పెట్టింది.

"ఆ పాట నేను కంపెనీకి ఇయ్యలేదు. అన్నిచోట్లా తీసేస్తాండా. ఇందాకనే చెప్పేసినా" అంది.

అంత బాగా పోతున్న పాటను తీసేయడమేమిటని అమరనాథ్ ముద్ద మింగకుండానే అడిగాడు. అవ్వ ఎవరేమన్నారని అడిగింది. హేమలత గరిటె పట్టుకుని నిలబడిపోయింది. రాజగోపాల్ మాత్రం కాగితాన్నే చూస్తున్నాడు. సంతకం తిరిగి ఇచ్చి, తన మాటను కూడా వెనక్కి తీసుకుంటోందని ఆయనకు అర్థమైనట్టుంది. వద్దన్నట్టు తల కొంచెం కదిలించాడు. శ్రీజ మాట పైకి పోకుండా, పక్కింటికి వినపడకుండా, మామూలుగా వచ్చింది.

"అందులో నాయన గొంతు ఉండాది. అడక్కుండా పెట్టుకున్నా, అది నా తప్పు. నాయనకు ఒంట్లో బాగలేదు చిన్నాయనా, నువ్వు ఈ పొద్దునించి నిచ్చెన ఎక్కనియ్యద్దు. తాగుడు కాదమ్మా, రోగం. సోమవారం పది గంటలకు డాక్టరు దగ్గర పేరు రాయించినా. అమ్మా, నాయన, నువ్వు, నేను, ముగ్గురం పోతాండాం."